హెర్పెటాలజిస్టు

ఉభయచరాలను, సరీసృపాలను అధ్యయనం చేసే శాస్త్రవేత్తను హెర్పెటాలజిస్టు అంటారు. ఈ శాస్త్రానికి హెర్పెటాలజీ అని పేరు. ఇది జంతుశాస్త్రంలో ఒక విభాగం. "హెర్పెటాన్" అనే గ్రీకు మాటకు పాకే జంతువు అని అర్థం. కప్పలు, సాలమాండర్లు, కాళ్ళు లేని సిసీలియన్లు ఉభయచరాలు. పాములు, బల్లులు, తాబేళ్ళు, మొసళ్ళు, న్యూజీలాండులో మాత్రమే నివసించే టువాటరా సరీసృపాలు. ప్రపంచంలో ఇంతవరకు 8,800కు పైగా ఉభయచర జాతులను, 12,000కు పైగా సరీసృప జాతులను శాస్త్రజ్ఞులు గుర్తించారు. ప్రతి సంవత్సరం కొత్త జాతులు ఈ జాబితాలో చేరుతూనే ఉన్నాయి.

ఈ జంతువులలో అనేక జాతులు అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నాయి. అందువలన నేడు ఈ శాస్త్రవేత్తల పనిలో చాలా భాగం పరిరక్షణతో ముడిపడి ఉంది. ఒక జాతి ఎక్కడెక్కడ ఉంది, ఎన్ని జీవులు మిగిలి ఉన్నాయి, అవి ఎందుకు తగ్గుతున్నాయి అనే మూడు ప్రశ్నలకు సమాధానం దొరకనిదే దానిని కాపాడే మార్గాన్ని నిర్ణయించడం సాధ్యం కాదు. ఈ జీవులలో అధికభాగం చిన్నవి, రాత్రిపూట తిరిగేవి, కొన్ని సంవత్సరంలో కొద్ది రోజులు మాత్రమే బయటకు వచ్చేవి. కనుక ఒక జంతువు "కనిపించలేదు" అనడానికి, అది "లేదు" అనడానికి మధ్య ఉన్న తేడాను తేల్చడమే ఈ వృత్తిలో అన్నిటికంటే కష్టమైన పని.

పరిధి

ఉభయచరాలు, సరీసృపాలు పరస్పరం అంత దగ్గరి బంధువులు కావు. మొసళ్ళకు బల్లుల కంటే పక్షులే దగ్గరి బంధువులు. అయినప్పటికీ ఈ రెండు వర్గాలను ఒకే శాస్త్రం కింద అధ్యయనం చేయడం సంప్రదాయంగా వస్తోంది. 1758లో లిన్నేయస్ ఈ రెండింటినీ ఒకే తరగతిలో చేర్చాడు. తరువాతి కాలంలో వాటిని వేరు చేసినా అధ్యయనం మాత్రం కలిసే కొనసాగింది. దీనికి ఒక ఆచరణాత్మక కారణం కూడా ఉంది. రెండు వర్గాల జంతువులూ తమ శరీర ఉష్ణోగ్రత కోసం పరిసరాలపై ఆధారపడతాయి. వాటిని వెదికే చోట్లు, వెదికే వేళలు, వాడే పనిముట్లు చాలావరకు ఒకటే.

ఉభయచరాల చర్మం పలుచగా ఉండి నీటిని, వాయువులను లోనికి రానిస్తుంది. చాలా కప్పలు నీటిలో గుడ్లు పెడతాయి. తోకకప్పలుగా నీటిలో పెరిగి, పెద్దవై నేల మీదకు వస్తాయి. అందువలన నీరు కలుషితమైనా, నేల ఎండిపోయినా, అడవి నరికినా వాటి ప్రభావం కప్పల మీద పడుతుంది. సరీసృపాల చర్మం పొలుసులతో కూడి పొడి ప్రదేశాలను తట్టుకొంటుంది. అయితే వీటిలో తాబేళ్ళు, మొసళ్ళ వంటివి పెద్దవై గుడ్లు పెట్టడానికి చాలా సంవత్సరాలు పడుతుంది. కాబట్టి పెద్ద జంతువులను కొద్దిపాటిగా చంపినా వాటి సంఖ్య తిరిగి కోలుకోవడానికి దశాబ్దాలు పట్టవచ్చు.

వ్యవసాయానికి కూడా ఈ జంతువులు ఉపయోగకరం. కప్పలు పురుగులను, పాములు ఎలుకలను తిని పంటలకు మేలు చేస్తాయి. ఒకప్పుడు భారతదేశం నుండి కప్పకాళ్ళను పెద్దయెత్తున విదేశాలకు ఎగుమతి చేసేవారు. పొలాలలో కప్పలు తగ్గిపోవడంపై ఆందోళన పెరగడంతో 1987లో ఈ ఎగుమతిని నిషేధించారు.

చరిత్ర

భారతదేశపు పాముల మీద తొలి శాస్త్రీయ గ్రంథాలలో ఒకటి తెలుగు ప్రాంతంలో జరిగిన పరిశీలనల ఫలితం. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అనే స్కాటిష్ వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉండి కోరమాండల్ తీరంలోని పాములను సేకరించాడు. వాటి వర్ణనలను, రంగు చిత్రాలను 1796లో గ్రంథంగా ప్రచురించాడు. పాములకు స్థానికులు వాడే తెలుగు పేర్లను కూడా అందులో నమోదు చేశాడు. రక్తపింజరకు ఆయన రాసుకున్న పేరు "కాటుక రేకుల పొడ". ఈ పాము శాస్త్రీయ నామమైన డబోయా రస్సెలిలో ఆయన పేరు నిలిచి ఉంది. పసుపు, నలుపు పట్టీలు గల ఒక కట్లపాము జాతికి ఆయన "బంగారు పాము" అన్న పేరును నమోదు చేశాడు. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డాడిన్ ఆ మాటనే లాటిన్ రూపంలోకి మార్చి కట్లపాముల ప్రజాతికి బంగారస్ అని పేరు పెట్టాడు. ప్రపంచమంతటా నేటికీ వాడుకలో ఉన్న ఈ శాస్త్రీయ నామానికి మూలం తెలుగు పదం.

పందొమ్మిదవ శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీ అధికారిగా పనిచేసిన రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ తూర్పు, పశ్చిమ కనుమలలో తిరిగి అనేక కొత్త కప్పలను, బల్లులను, పాములను వర్ణించాడు. ఆల్బర్ట్ గుంథర్ 1864లో, జార్జ్ ఆల్బర్ట్ బౌలెంజర్ 1890లో బ్రిటిషు ఇండియాకు చెందిన ఈ జంతువుల మీద సమగ్ర గ్రంథాలను ప్రచురించారు. మాల్కమ్ స్మిత్ సరీసృపాల మీద రాసిన మూడు సంపుటాలు 1931, 1935, 1943 సంవత్సరాలలో వెలువడ్డాయి.

ఈ కాలపు పరిశోధన ముఖ్యంగా సేకరించడం, పేరు పెట్టడం, మ్యూజియంలో భద్రపరచడం అనే పనులకు పరిమితమై ఉండేది. అడవిలో ఆ జంతువులు ఎన్ని ఉన్నాయి, ఎలా జీవిస్తున్నాయి అనే విషయాలపై అంతగా దృష్టి ఉండేది కాదు. స్వాతంత్ర్యం తరువాత, ముఖ్యంగా 1970ల నుండి ఈ పరిస్థితి మారింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. రోములస్ విటేకర్ 1972లో మద్రాసులోని గిండీలో పాముల పార్కును, 1976లో నగరానికి దక్షిణాన మొసళ్ళ సంరక్షణ కేంద్రాన్ని నెలకొల్పాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన జె.సి. డేనియల్ భారతీయ సరీసృపాల మీద రాసిన పుస్తకం 1983లో ప్రచురితమైంది.

క్షీణతను గుర్తించడం

1989లో ఇంగ్లండులోని కాంటర్‌బరీలో మొదటి ప్రపంచ హెర్పెటాలజీ మహాసభ జరిగింది. వివిధ దేశాల నుండి వచ్చిన శాస్త్రవేత్తలు తమ తమ ప్రాంతాలలో కప్పలు తగ్గిపోతున్నాయని అక్కడ ఒకరితో ఒకరు చెప్పుకొన్నారు. అప్పటివరకు ఎవరికి వారు స్థానిక సమస్యగా భావించినది ప్రపంచవ్యాప్త సమస్య కావచ్చునన్న సందేహం అక్కడ బలపడింది.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ కోస్టారికాలోని బంగారు గోదురుకప్ప. మాంటెవెర్డె ప్రాంతంలోని మేఘారణ్యంలో మాత్రమే ఉండే ఈ కప్పను 1967లో శాస్త్రీయంగా వర్ణించారు. 1987లో గుడ్లు పెట్టే కాలంలో 1,500కు పైగా కప్పలు కనిపించాయి. 1988లో పది వరకు మాత్రమే కనిపించాయి. 1989లో ఒకే ఒక్క మగకప్ప కనిపించింది. ఆ తరువాత ఎవరికీ కనిపించలేదు. అయితే కొన్ని కప్పలు కరువు కాలంలో సంవత్సరాల తరబడి నేలలో దాగి ఉండగలవు. అందుచేత వెంటనే అది అంతరించినట్లు ప్రకటించలేదు. పదిహేను సంవత్సరాల వెదుకులాట తరువాత 2004లో మాత్రమే ఆ నిర్ధారణకు వచ్చారు.

కొన్ని సందర్భాలలో జాతితోపాటు అరుదైన జీవప్రక్రియ కూడా పోతుంది. ఆస్ట్రేలియాలో 1973లో వర్ణించిన ఒక కప్ప తన గుడ్లను మింగి, పొట్టలోనే పిల్లలను పెంచి, నోటి గుండా బయటకు విడిచేది. ఆ సమయంలో దాని జీర్ణాశయంలో ఆమ్లం ఊరడం ఆగిపోయేది. దీని మీద పరిశోధన పూర్తికాక ముందే, 1981 తరువాత ఈ కప్ప ప్రకృతిలో కనిపించలేదు.

ఆవాసాల నాశనం ఈ క్షీణతకు ప్రధాన కారణం. అయితే రక్షిత అడవులలో కూడా కప్పలు చనిపోవడానికి కారణం 1998లో బయటపడింది. కప్పల చర్మానికి సోకే ఒక సూక్ష్మ శిలీంధ్రమే ఆ కారణం. దీనికి 1999లో బాట్రకోకైట్రియం డెండ్రోబాటిడిస్ అని పేరు పెట్టారు. ఇది చర్మం ద్వారా జరిగే లవణాల మార్పిడిని దెబ్బతీస్తుంది. దాని వలన గుండె ఆగి కప్ప మరణిస్తుంది. ఈ శిలీంధ్ర వ్యాధుల వలన కనీసం 501 జాతుల సంఖ్య తగ్గిందని, వాటిలో 90 జాతులు అంతరించి ఉండవచ్చునని 2019లో ప్రచురించిన ఒక అధ్యయనం తేల్చింది. భారతదేశంలో ఈ శిలీంధ్రాన్ని పశ్చిమ కనుమల కప్పలలో గుర్తించినట్లు 2011లో ప్రకటించారు.

ప్రపంచంలోని ఉభయచరాలన్నిటి స్థితిని మొదటిసారిగా 2004లో అంచనా వేశారు. అప్పుడు పరిశీలించిన 5,743 జాతులలో 32.5 శాతం ప్రమాదంలో ఉన్నట్లు తేలింది. 2023లో 8,011 జాతులతో జరిగిన రెండవ అంచనాలో ఇది 40.7 శాతం. 10,196 సరీసృప జాతుల మీద 2022లో వెలువడిన అంచనా ప్రకారం వాటిలో సుమారు 21 శాతం ప్రమాదంలో ఉన్నాయి. తాబేళ్ళలో, మొసళ్ళలో ఈ నిష్పత్తి సగానికి చేరింది లేదా దాటింది. 2004 అంచనాలో 1,294 ఉభయచర జాతుల గురించి ఏ నిర్ణయానికీ రాలేకపోయారు. వాటిని "సమాచారం చాలని" జాతులుగా వర్గీకరించారు. ఈ వర్గంలోని జాతులు క్షేమంగా ఉండవచ్చు, అంతరించిపోయి కూడా ఉండవచ్చు. ఆ సంగతి తేల్చవలసినది క్షేత్రంలో తిరిగే పరిశోధకులే.

క్షేత్ర పరిశోధన పద్ధతులు

క్షేత్రంలో సాధారణంగా పని సూర్యాస్తమయం తరువాత మొదలవుతుంది. పరిశోధకులు తలకు దీపం కట్టుకొని వాగుల వెంట, అడవి దారుల వెంట నిర్ణీత దూరం లేదా నిర్ణీత సమయం నెమ్మదిగా నడుస్తూ కనిపించిన ప్రతి జంతువునూ నమోదు చేస్తారు. జాతి, కొలతలు, బరువు, నేల నుండి ఉన్న ఎత్తు, గాలిలో తేమ, ఉష్ణోగ్రత, స్థలం అక్షాంశ రేఖాంశాలు రాసుకొంటారు. ఆ రాత్రి ఏమీ కనిపించకపోతే ఆ విషయాన్ని కూడా రాయాలి. ఏమీ కనిపించని రాత్రుల లెక్క లేకపోతే తరువాత గణన చేయడం సాధ్యం కాదు.

సాధారణంగా వాడే ఇతర పద్ధతులు ఇవి:

* గుంట వలలు: నేలలో బకెట్లను అంచుదాకా పాతి, వాటి మధ్య పొట్టి గోడలాగా ప్లాస్టిక్ పట్టా కడతారు. నేల మీద పాకే జీవులు పట్టా వెంట నడిచి బకెట్లలో పడతాయి. వీటిని రోజూ తప్పనిసరిగా చూసి జంతువులను విడిచిపెట్టాలి.
* అరుపుల నమోదు: మగకప్పలు జతకోసం అరుస్తాయి. ఒక్కొక్క జాతి అరుపు ఒక్కొక్క విధంగా ఉంటుంది. రికార్డరును అడవిలో ఉంచి, తరువాత ధ్వని చిత్రాలను పోల్చి జాతులను గుర్తిస్తారు.
* రేడియో అనుసరణ: జంతువుకు చిన్న ట్రాన్స్‌మిటరు అమర్చి దాని కదలికలను తెలుసుకొంటారు. పాములలోనైతే శస్త్రచికిత్స చేసి చర్మం కింద గానీ శరీర కుహరంలో గానీ ఉంచుతారు.
* నీటిలోని డి.ఎన్.ఏ.: జంతువులు నీటిలో విడిచే కణాలను చెరువు నీటి నమూనా నుండి వడపోసి, జంతువును చూడకుండానే దాని ఉనికిని తెలుసుకొంటారు.

శిలీంధ్రం ఒక వాగు నుండి మరొక వాగుకు పరిశోధకుల బూట్ల ద్వారానే చేరే ప్రమాదం ఉంది. అందువలన చోటు మారినప్పుడల్లా బూట్లను, వలలను క్రిమిరహితం చేస్తారు. ఒక్కొక్క కప్పను పట్టుకోవడానికి కొత్త చేతితొడుగులు వాడతారు.

లెక్కించడం

ఒక చోట ఉన్న జంతువులన్నిటినీ లెక్కించడం దాదాపు అసాధ్యం. అందుచేత గుర్తువేసి మళ్ళీ పట్టే పద్ధతిని వాడతారు. ఉదాహరణకు ఒక చెరువులో మొదటిసారి 40 తాబేళ్ళను పట్టి గుర్తువేసి వదిలారనుకొందాం. కొన్నాళ్ళకు మళ్ళీ 50 తాబేళ్ళను పట్టగా వాటిలో 10కి గుర్తు ఉంది. అంటే పట్టినవాటిలో ఐదవ వంతుకు గుర్తు ఉంది. మొత్తం తాబేళ్ళలో కూడా ఐదవ వంతుకే గుర్తు ఉందని భావిస్తే చెరువులో సుమారు 200 తాబేళ్ళు ఉన్నట్లు లెక్క. ఈ మధ్యకాలంలో జంతువులు చనిపోలేదు, వలస పోలేదు, గుర్తు చెరిగిపోలేదు అన్న షరతుల మీద ఈ లెక్క ఆధారపడుతుంది. ఈ షరతులు నెరవేరనప్పుడు మరింత క్లిష్టమైన సూత్రాలను ఉపయోగిస్తారు.

జంతువు ఉందో లేదో తేల్చడానికి మరొక విధమైన గణన అవసరం. ఒక కొండమీద ఒక బల్లి నివసిస్తోందనుకొందాం. ఒక రాత్రి వెదికితే అది కనిపించే అవకాశం 20 శాతం. అప్పుడు ఐదు రాత్రులు వెదికినా అసలు కనిపించకపోయే అవకాశం సుమారు 33 శాతం. పది రాత్రులు వెదికితే ఇది సుమారు 11 శాతానికి తగ్గుతుంది. ఒకటి రెండు రాత్రులు తిరిగి "ఇక్కడ ఈ జాతి లేదు" అని నివేదిక ఇస్తే, ఆ నివేదిక ఆధారంగా గనికో రోడ్డుకో అనుమతి లభించవచ్చు. ఆ పొరపాటును తరువాత సరిదిద్దడం సాధ్యం కాదు. అందుకే ఎన్ని రాత్రులు వెదికారన్నది కూడా పరిశోధన నివేదికలో ముఖ్యమైన అంశం.

కొత్త జాతుల వర్ణన

కొత్త జాతిని ప్రకటించాలంటే ఒక ప్రామాణిక నమూనాను మ్యూజియంలో భద్రపరచి, అది దొరికిన చోటును, తెలిసిన దగ్గరి జాతుల నుండి దానిని వేరుచేసే లక్షణాలను ప్రచురించాలి. పొలుసుల వరుసలు, పళ్ళ అమరిక, ఎముకల ఆకారం, అరుపు, డి.ఎన్.ఏ. వరుసలను పోలుస్తారు.

2003లో ఎస్.డి. బిజు, ఫ్రాంకీ బోసుయిట్ కేరళలోని ఇడుక్కి జిల్లా నుండి నాసికాబాట్రకస్ సహ్యాద్రెన్సిస్ అనే ఊదారంగు కప్పను ప్రకటించారు. ఇది సంవత్సరంలో ఎక్కువ కాలం భూమిలోపలే ఉండి, తొలకరి వానలకు జతకట్టడానికి కొద్దిరోజులు మాత్రమే బయటకు వస్తుంది. దీని దగ్గరి బంధువులు హిందూమహాసముద్రంలోని సీషెల్స్ దీవులలో ఉన్నాయి. భారత భూభాగం, సీషెల్స్ ఒకప్పుడు కలిసి ఉండేవన్న దానికి ఇది జీవసంబంధమైన సాక్ష్యం.

పేరు పెట్టడం పరిరక్షణకు కూడా అవసరం. ఒకే జాతిగా భావించిన రాచనాగును 2024లో నాలుగు జాతులుగా విభజించారు. పశ్చిమ కనుమలలోని దానికి ఓఫియోఫేగస్ కాళింగ అని పేరు పెట్టారు. విశాలంగా వ్యాపించిన ఒక జాతి స్థానంలో పరిమిత ప్రాంతాలలో ఉండే జాతులు గుర్తింపు పొందినప్పుడు ప్రతి జాతి స్థితినీ విడిగా అంచనా వేయవలసి వస్తుంది.

భారతదేశంలో పరిరక్షణ పరిశోధన

మొసళ్ళు

1974లో జరిపిన పరిశీలనలో ప్రకృతిలో 200 కంటే తక్కువ ఘరియాళ్ళు మిగిలాయని అంచనా వేశారు. ఐక్యరాజ్యసమితి సహాయంతో 1975లో మొసళ్ళ సంరక్షణ పథకం ప్రారంభమైంది. నదీ తీరాల నుండి గుడ్లను సేకరించి, పొదిగించి, పిల్లలను కొంత పెద్దవి అయ్యేవరకు పెంచి నదులలో విడిచిపెట్టారు. ఈ పనిలో అధికారులకు శిక్షణ ఇవ్వడానికి హైదరాబాదులో కేంద్రీయ సంస్థను నెలకొల్పారు. మంచినీటి మొసలి, ఉప్పునీటి మొసలి విషయంలో ఈ పథకం మంచి ఫలితాలను ఇచ్చింది.

వేలాది ఘరియాల్ పిల్లలను విడిచిపెట్టినప్పటికీ, 2006 నాటికి సంతానోత్పత్తి చేయగల ఘరియాళ్ళు సుమారు 200 మాత్రమే ఉన్నట్లు తేలింది. ఇసుక తవ్వకం, నదీగర్భంలో సేద్యం, చేపల వలలు, ఆనకట్టలు ఇందుకు కారణాలు. 2007లో ఈ జాతిని తీవ్ర ప్రమాదంలో ఉన్నదిగా ప్రకటించారు. అదే శీతాకాలంలో చంబల్ నదిలో నూరుకు పైగా ఘరియాళ్ళు మరణించాయి. విడిచిపెట్టిన పిల్లల సంఖ్యను లెక్కపెట్టడం వేరు, అవి బ్రతికాయో లేదో తెలుసుకోవడం వేరు అన్న పాఠం దీని వలన తెలిసింది. తరువాత చంబల్‌లో ట్రాన్స్‌మిటర్లతో దీర్ఘకాలిక పరిశీలన చేపట్టారు.

సముద్ర తాబేళ్ళు

ఒడిషాలోని గహిర్మఠ తీరంలో వేలాది ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఒకేసారి గుడ్లు పెడతాయన్న విషయం 1974లో శాస్త్రలోకానికి తెలిసింది. 1994లో ఋషికుల్య నదీముఖం వద్ద మరొక స్థావరాన్ని గుర్తించారు. ఆంధ్ర ప్రదేశ్ తీరంలో కూడా ఇవి శీతాకాలం నుండి వేసవి వరకు చెదురుమదురుగా గుడ్లు పెడతాయి. ట్రాలరు వలలలో చిక్కుకొన్న తాబేళ్ళు గాలి పీల్చుకోవడానికి పైకి రాలేక మరణిస్తాయి. తీరానికి కొట్టుకువచ్చిన కళేబరాలను లెక్కించిన పరిశోధకుల సమాచారం ఆధారంగానే చేపల వేట నిషేధ కాలాలు, తాబేళ్ళు తప్పించుకొనే వల పరికరాలు అమలులోకి వచ్చాయి.

తాబేలు పిల్ల ఆడదా మగదా అన్నది గుడ్డు పొదిగే ఇసుక వేడిమిని బట్టి నిర్ణయమవుతుంది. ఇసుక ఎక్కువ వేడిగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువగా పుడతాయి. అందువలన గుడ్లను రక్షిత స్థలాలకు తరలించేవారు అక్కడి ఇసుక వేడిమిని కూడా గమనించాలి. 2021లో గహిర్మఠలో రెక్కకు గుర్తు బిళ్ళ వేసిన ఒక తాబేలు 2025లో మహారాష్ట్రలోని గుహాగర్ తీరంలో గుడ్లు పెట్టింది. రెండు తీరాల తాబేళ్ళు వేర్వేరన్న అభిప్రాయాన్ని తిరిగి పరిశీలించవలసిన అవసరాన్ని ఈ ఒక్క బిళ్ళ చూపింది.

పాములు

2000 నుండి 2019 వరకు భారతదేశంలో పాముకాటు వలన సగటున ఏటా 58,000 మంది మరణించినట్లు 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. మృతులలో ఎక్కువమంది గ్రామీణులు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగు పాముల విషంతో విరుగుడు మందు తయారుచేస్తారు. ఈ విషంలో అధికభాగం తమిళనాడులోని ఇరుల తెగవారు 1978లో స్థాపించుకొన్న సహకార సంఘం నుండి వస్తోంది. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. కనుక ఒక ప్రాంతపు విషంతో చేసిన మందు మరొక ప్రాంతంలో అంత బాగా పనిచేయకపోవచ్చు. ఈ తేడాలను అధ్యయనం చేయడం మనుషుల ప్రాణాలకు, పాముల పరిరక్షణకు రెంటికీ అవసరం. కాటుకు సరైన మందు దొరుకుతుందన్న నమ్మకం ఉన్నచోటనే కనిపించిన పామునల్లా చంపవద్దన్న మాటకు విలువ ఉంటుంది.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో

తూర్పు కనుమలలో పరిశోధన పశ్చిమ కనుమలతో పోల్చితే తక్కువగా జరిగింది. బెడ్డోమ్ 1870లో తిరుపతి కొండల నుండి బంగారు బల్లిని వర్ణించాడు. తరువాత నూరు సంవత్సరాలకు పైగా దాని గురించి సరైన సమాచారం లేదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు దీనిని తిరుమల కొండలలో తిరిగి కనుగొన్నట్లు 1986లో ప్రచురించారు. నీటి ఒరవడి ఉన్న రాతి చీలికలలో ఇది నివసిస్తుంది. అనేక బల్లులు ఒకేచోట రాతికి అంటించినట్లు గుడ్లు పెడతాయి. అదేవిధంగా బెడ్డోమ్ 1877లో జయపూర్ కొండల నుండి వర్ణించిన ఒక నేలబల్లి 130 సంవత్సరాలకు పైగా కనిపించలేదు. 2010 తరువాత జరిగిన వెదుకులాటలో ఒడిషా, ఉత్తరాంధ్ర కొండలలో తిరిగి లభించింది. ఈ రెండు బల్లులూ మధ్యకాలంలో అక్కడే ఉన్నాయి. సరైన వేళకు, సరైన చోట వెదికినవారే లేరు.

హైదరాబాదులోని అత్తాపూర్‌లో సి.సి.ఎం.బి.కి చెందిన లాకోన్స్ ప్రయోగశాల అంతరించిపోతున్న జంతువుల జన్యువులపై పరిశోధనలు చేస్తోంది. కప్పల వ్యాధులు, పాముల విషాలు కూడా ఇక్కడి పరిశోధనాంశాలు. భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు కూడా హైదరాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉంది.

విద్య, ఉద్యోగం

సాధారణంగా జంతుశాస్త్రంలో గానీ జీవశాస్త్రంలో గానీ డిగ్రీ, తరువాత వన్యప్రాణి శాస్త్రం, జీవావరణ శాస్త్రం వంటి విషయాలలో ఎం.ఎస్సీ., ఆపై పి.హెచ్.డి. చేస్తారు. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ, బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రం, పాండిచ్చేరి విశ్వవిద్యాలయం ఇందుకు పేరుపొందినవి. గణాంకశాస్త్రం, కంప్యూటరు ప్రోగ్రామింగు, పటాల తయారీ, శాస్త్రవ్యాసాలు రాయడం తెలిసి ఉండాలి. స్థానిక భాష తెలియడం కూడా అంతే ముఖ్యం. వాన పడిన ఏ రాత్రి కప్పలు బయటకు వస్తాయో, ఏ బండ కింద తాబేలు ఉంటుందో ఆ ఊరి పశువుల కాపరికి, అటవీ సిబ్బందికి, గిరిజనులకు తెలుసు.

విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ పరిశోధన సంస్థలు, మ్యూజియంలు, జంతుప్రదర్శనశాలలు, స్వచ్ఛంద సంస్థలు ఉద్యోగాలు ఇస్తాయి. శాశ్వత ఉద్యోగాలు తక్కువ. చాలామంది రెండు మూడు సంవత్సరాల ప్రాజెక్టులలో పనిచేస్తారు. ఒక తాబేలు పెరిగి గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పట్టే కాలం అనేక ప్రాజెక్టుల కాలం కంటే ఎక్కువ. ఈ కారణంగా దీర్ఘకాలిక సమాచారం అరుదుగా లభిస్తుంది. పనిలో ఎక్కువ సమయం అడవిలో కాక కార్యాలయంలో గడుస్తుంది. ఒక నెల క్షేత్ర సమాచారాన్ని విశ్లేషించి ప్రచురించడానికి అనేక నెలలు పట్టవచ్చు.

చట్టం, నైతికత

వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన జంతువులను పట్టుకోవడానికి, గుర్తు వేయడానికి, నమూనాలు తీసుకోవడానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. పరిశోధన కోసం కూడా జంతువులను అనవసరంగా చంపరాదన్నది సాధారణ నియమం. అయితే కొత్త జాతి వర్ణనకు నమూనా అవసరం కాబట్టి ఎన్ని సేకరించవచ్చునన్న దానిపై శాస్త్రజ్ఞులలో చర్చ ఉంది.

ప్రచురణ కూడా కొన్నిసార్లు హాని చేస్తుంది. అరుదైన బల్లి లేదా తాబేలు దొరికిన చోటును కచ్చితంగా ప్రకటిస్తే పెంపుడు జంతువుల దొంగ వ్యాపారులు అక్కడికి చేరతారు. అందువలన చాలామంది ఖచ్చితమైన స్థలాన్ని ప్రచురించకుండా అటవీశాఖకు మాత్రమే తెలియజేస్తారు. అక్రమ రవాణాకు గురవుతున్న నక్షత్ర తాబేలు అంతర్జాతీయ వ్యాపారాన్ని 2019లో పూర్తిగా నిషేధించారు. పట్టుబడిన తాబేళ్ళను ఏ అడవిలో విడవాలన్నది కూడా పరిశోధనాంశమే. వేరే ప్రాంతపు తాబేళ్ళను కలిపితే స్థానిక జన్యు లక్షణాలు దెబ్బతినవచ్చు, వ్యాధులు వ్యాపించవచ్చు.

ప్రమాదాలు

మలేరియా, జారుడు రాళ్ళు, వరదలు, అడవి ఏనుగులు, ఎలుగుబంట్లు ఈ వృత్తిలో సాధారణమైన ప్రమాదాలు. విషసర్పాలతో పనిచేసేవారికి అదనపు ప్రమాదం ఉంది. చికాగో మ్యూజియంకు చెందిన కార్ల్ ష్మిట్‌ను 1957 సెప్టెంబరు 25న ఒక చిన్న బూమ్‌స్లాంగ్ పాము కరిచింది. ఆ కాటును ప్రాణాంతకమైనదిగా భావించని ష్మిట్ తన లక్షణాలను రాసుకొంటూ గడిపి మరునాడు మరణించాడు. 2001 సెప్టెంబరులో ఉత్తర మయన్మార్ అడవులలో జో స్లోవిన్‌స్కీని ఒక కట్లపాము పిల్ల కరిచింది. వాతావరణం అనుకూలించక హెలికాప్టరు రాలేకపోయింది. సహచరులు గంటల తరబడి నోటితో ఊపిరి అందించినా మరునాడు ఆయన మరణించాడు. నేడు విషసర్పాలతో పనిచేసే బృందాలు ఒంటరిగా వెళ్ళకపోవడం, కొక్కాలు, గొట్టాలు వాడడం, దగ్గరి ఆసుపత్రిలో విరుగుడు మందు ఉందో లేదో ముందుగా తెలుసుకోవడం వంటి నియమాలను పాటిస్తున్నాయి.

పరిరక్షణ ఫలితాలు

పరిశోధన సకాలంలో జరిగితే ఫలితం ఉంటుందనడానికి టాంజానియాలోని కిహాన్సీ గోదురుకప్ప ఉదాహరణ. ఒక జలపాతపు తుంపరలు పడే కొద్దిపాటి స్థలంలోనే ఉండే ఈ కప్పను 1990ల చివర వర్ణించారు. 2000లో జలవిద్యుత్ ప్రాజెక్టు వలన జలపాతంలో నీరు బాగా తగ్గింది. అమెరికా జంతుప్రదర్శనశాలలకు తరలించిన కప్పలు అక్కడ పిల్లలను పెట్టాయి. 2009లో ఇది ప్రకృతిలో అంతరించినట్లు ప్రకటించారు. జలపాతం వద్ద కృత్రిమంగా తుంపరలు ఏర్పాటుచేసి 2012లో కప్పలను తిరిగి అక్కడ విడవడం మొదలుపెట్టారు. కోస్టారికా బంగారు గోదురుకప్ప విషయంలో ఇటువంటి అవకాశం చిక్కలేదు. ప్రమాదం ఉందని తెలిసేసరికి పట్టి తరలించడానికి కప్పలే మిగలలేదు.